తప్పు కన్నుదా, కంప్యూటర్‌దా

మా ఇంటి కంప్యూటర్ పక్కరేకు మొదటిసారి విప్పిన రోజు లోపల బూడిదరంగు పొడి వేలిమందాన పేరుకుని ఉంది. మా అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని దూరం జరిగింది. ఆయన మాత్రం మంచం దిగి వచ్చి, ఆ పొడిని చూపుడువేలితో కొంచెం తీసి, బొటనవేలితో నలిపి చూశారు.

"ఇది ఇంటి దుమ్ము గాదు. నాపరాయి పాలిష్ పొడి," అన్నారు.

నా భర్త ఎవరూ అడగకుండా తనంతట తాను ఒక మాట అని అప్పటికి చాలా రోజులైంది. దుమ్మును చూసి మనసులో దండం పెట్టుకున్న ఆడది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఆ కంప్యూటర్ తాండూరు నుంచి వచ్చింది. మా అన్న అక్కడ ఒక రాయి పాలిష్ ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తాడు. వాళ్లు కొత్తవి తెచ్చుకుని పాతవి తీసేస్తుంటే, మేనకోడలి చదువుకు పనికొస్తుందని ఒకటి అడిగి తీసుకుని, ప్యాసింజర్ బండిలో ఒళ్లో పెట్టుకుని వికారాబాద్‌లో మా ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఫ్యాక్టరీలో రాళ్లు అరిగి అరిగి లేచిన పొడి ఎన్నేళ్లనుంచి అందులోకి పోయిందో! అమ్మాయి దాని మీదే ఇంటర్ చదివింది, డిగ్రీలో చేరింది. ఆ డబ్బా ఒక్కనాడు మొరాయించలేదు. అందుకని ప్రతి శుక్రవారం నా కుట్టు మిషనుతో పాటు దానికీ ఒక బొట్టు పెట్టేదాన్ని.

ఆయన ఇరవై ఏళ్లకు పైగా తాండూరు రాయి లారీ నడిపారు. ఒకరోజు లోడు ఎక్కించేటప్పుడు బండ పగిలి చిన్న పెచ్చు ఎగిరి కుడికంట్లో పడింది. ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. కన్ను చూడటానికి కన్నులాగే ఉంది, చూపు మాత్రం రాలేదు. ఒంటికంటితో లారీ నడపటానికి లైసెన్సు ఇవ్వరు. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ నాకు మెల్లగా తెలిసింది. రెండు కళ్లుంటేనే దూరం సరిగ్గా తెలుస్తుందట. చొక్కా తగిలించబోతే కొక్కెం పక్కన గోడకు తగిలేది. గ్లాసులో నీళ్లు పోయబోతే బయట పోసేవారు. మెట్టు ఉందనుకున్న చోట ఉండేది కాదు. ఇరుకు సందుల్లో లారీని అద్దంలో చూసుకుంటూ వెనక్కి తెచ్చి గోడకు జానెడు దూరంలో ఆపిన మనిషి, మా ఇంటి గడప తగిలి తూలితే ఎవరైనా చూశారేమోనని తల వంచుకునేవారు. లారీ అడ్డా నుంచి దోస్తులు వస్తే, పడుకున్నానని చెప్పమనేవారు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక నేను, "లేస్తలేడన్నా," అనేదాన్ని. అది నిజమే కదా.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మర్పల్లి దగ్గర మా ఊరు, బడి దూరం. మా నానమ్మ చాటలో జొన్నపిండి పరిచి వేలితో అక్షరాలు దిద్దించింది. అన్న తన పాత పుస్తకాలతో ఇంగ్లీషు అక్షరాలు, లెక్కలు నేర్పాడు. అట్లా వచ్చిన చదువు కాబట్టేమో, అక్షరమున్న కాగితం మీద కాలు పెట్టను, దేని మీదనైనా రాత ఉంటే ఆ రాత మీద తడిచెయ్యి వెయ్యను. ఈ అలవాటు ముందు ముందు ఎంత పని చేసిందో చెబుతాను.

హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి ఆ కంప్యూటర్‌లో లారీలు నడిపే ఆట ఒకటి ఎక్కించింది. లోడు తీసుకోవాలి, ఊరు దాటాలి, చెప్పినచోట లారీని వెనక్కి తెచ్చి నిలబెట్టాలి. ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టింది.

"ఇగో నాయినా, గీ నాలుగు బాణం బటన్లతోని నడపాలె."

"లారీని వేళ్లతోని నడుపుడేంది బిడ్డా? హార్మోనియమా?"

ఆ మాటకు అది ఊరుకోలేదు. వారం తిరిగేసరికి కాలేజీలో తన స్నేహితురాలు వాడకుండా మూలన పెట్టిన ఆట స్టీరింగు, కాళ్లతో తొక్కే పెడళ్లు అడిగి తెచ్చింది. బల్లకు బిగించింది. ఆయన ఆ చిన్న చక్రం మీద చేతులు వేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పసిపిల్ల తల నిమిరినట్టు దాని చుట్టూ ఒకసారి నిమిరారు. రోడ్డు మీద బాగానే పోనిచ్చారు. అద్దంలో చూసుకుంటూ వెనక్కి తెస్తున్నారు. సరిగ్గా మలుపు దగ్గర బొమ్మ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలేసరికి లారీ వెనక భాగం గోడకు గుద్దుకుని ఉంది. మళ్లీ చేశారు. మళ్లీ గుద్దింది. నాలుగోసారి చేతులు తీసేశారు.

"సూసినవా? బొమ్మ లారీ గూడ నాతోని గాదు. కన్ను లేనోనికి గివన్నీ ఎందుకు?"

"నీ కన్నుది గాదు నాయినా తప్పు. కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తున్నది. నాకు గూడ గుద్దుతది, చూడు కావాల్నంటే."

"నీకు గుద్దుతె నీకు నడప రాదు. నాకు గుద్దుతె నాకు కన్ను లేదు. కంప్యూటర్‌ది ఏమున్నది అండ్ల?"

అని పోయి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తేలాల్సింది ఒకటే: తప్పు కన్నుదా, కంప్యూటర్‌దా. కంప్యూటర్‌ది అని తేలకపోతే ఆయన ఇక దేనికీ లేవరని నాకు భయం పట్టుకుంది. అందుకే పక్కరేకు విప్పడం, ఆ రాయిపొడి బయటపడటం. నా కుట్టు మిషను బ్రష్షుతో ఆ పొడినంతా ఊడ్చి వాకిట్లో పోశాం. ఫ్యాను మోత తగ్గింది. బొమ్మ ఆగడం మాత్రం తగ్గలేదు.

"సామాను మార్చాలమ్మా," అంది అమ్మాయి. పదాలన్నీ కాగితం మీద రాసి, ఒక్కొక్కటే నాకు చెప్పింది. నాకు నా పనిలోనే అన్నీ అర్థమవుతాయి. ర్యామ్ అంటే నేను కుట్టేటప్పుడు ముందు పరుచుకునే చాప అనుకున్నాను. చాప చిన్నదైతే ఒక ముక్క మడిచి పక్కన పెట్టి ఇంకో ముక్క పరచాలి, అక్కడే పని ఆగుతుంది. పాత హార్డ్ డిస్కు మంచం కింద ట్రంకుపెట్టె. ఏది కావాలన్నా లాగి, మూత తీసి, వెతకాలి. ఎస్సెస్డీ అంటే చేతికందే గూడు. ఇక గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీసే మనిషి. మా డబ్బాలో అసలు ఆ మనిషే లేడు. బిల్లులు రాసే గుమాస్తాతో బొమ్మలు కూడా గీయిస్తున్నాం. పాపం, అతను ఆగి ఆగి గీయక ఏం చేస్తాడు?

అవన్నీ తాండూరులోనే తీసుకుందామన్నాడు అన్న. స్టేషన్‌కు దగ్గర్లో పాతవీ కొత్తవీ అమ్మే దుకాణం ఉంది, ఆ యజమాని మాట మీద నిలబడతాడని చెప్పాడు. తీరా పోదామనుకునేసరికి అమ్మాయికి పరీక్షలు వచ్చిపడ్డాయి. ఆయన్ని రమ్మన్నాను.

"నేనెందుకు?"

"నేనొక్కదాన్ని పోతె ఏది చేతుల పెడ్తె అది పట్టుకొస్త. నీ ఇష్టం మరి."

కాసేపటికి చొక్కా వేసుకున్నారు. బండిలో కిటికీ పక్కన ఎడమకన్ను బయటివైపు ఉండేట్టు కూర్చున్నారు.  తాండూరు దగ్గరపడుతుండగా పట్టాల పక్కన బండలు పేర్చిన యార్డులు కనిపిస్తే తల తిప్పుకోలేదు. నాకు అదే చాలనిపించింది.

దుకాణం యజమానిది కర్ణాటక వైపు. తెలుగులో మాట్లాడుతూ మధ్యలో అవును అనడానికి హౌదు హౌదు అంటుంటాడు. నేను కాగితం తీసి అమ్మాయి రాసినవి చదివాను. ఆయన వెనకాల తలుపు దగ్గరే నిలబడ్డారు. యజమాని ముందుగా రంగు రంగుల దీపాలు తిరిగే ఫ్యాన్లున్న డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు.

"గేములకంటే అందరు గిదే అడుగుతున్నరక్కా. లైట్లు చూడు, మస్తుంటది."

"పెండ్లి బండా?" తలుపు దగ్గరనుంచి వినిపించింది.

యజమాని తలెత్తి చూసి నవ్వాడు. "హౌదన్నా, లైట్లతోని స్పీడేం రాదు. వద్దంటె సాదాది ఇస్త."

మా పాత డబ్బా సన్నగా ఉంది కనుక గ్రాఫిక్స్ కార్డు అందులో పట్టదు, డబ్బా ఎలాగూ మార్చాలి అన్నాడు. నల్లటి సాదా డబ్బా తీశాడు. ముందువైపు సన్నని జాలీ ఉంది. తాండూరులో జాలీ లేని డబ్బా తాను అమ్మనని, రాయిపొడి ఎవరినీ విడవదని చెప్పాడు. తర్వాత వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి చూపించాడు. అమ్మాయి కాగితంలో మొదట రాసింది అదే. నేను తీసుకుందామనుకుంటుంటే ఆయన ముందుకు వచ్చారు. కార్డును రెండు చేతులతో తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏం జూస్తున్నవన్నా?"

"వైరు కాలితె వాసన పోదు. ఎన్నేండ్లయినా ఉంటది. దీనికి లేదు." కార్డు తిప్పి చూశారు. "ఎవరు నడిపిన్రు దీన్ని?"

"మన తాండూరు పిలగాడే. హైదరాబాద్‌ల నౌకరి వచ్చి అమ్ముకున్నడు. చూస్కో, నడిపి చూపిస్త."

దుకాణంలోని కంప్యూటర్‌కు బిగించి నడిపించాడు. ఆయన కార్డు వెనక అరచెయ్యి పెట్టి వేడి చూస్తూ నిలబడ్డారు, లారీ రేడియేటర్ ముందు నిలబడ్డట్టు. చాలాసేపటికి తలూపారు. అప్పుడు ఒక మాట అడిగారు, దానికి యజమాని కూర్చున్న చోటునుంచి లేచాడు.

"దీనికి కరెంటు ఏడికెళ్లి వస్తది?"

"పవర్ సప్లై నుంచి."

"పాత డబ్బాలున్నది సరిపోతదా?"

"అదే చెప్పబోతున్న. అక్క కాగితంల అది లేదు. పాతదాంతోని పెడ్తె ఆట నడువంగ నడువంగ బంద్ పడ్తది."

"గంతే గద. ఇంజన్ పెద్దది పెట్టి డీజిల్ పైపు సన్నది పెడ్తె, ఉత్తగున్నప్పుడు ఉరుకుతది, లోడు మీద ఘాట్ రోడ్డు ఎక్కమంటె నిలబడ్తది." నా వైపు తిరిగి, "ఏమే, ముందు గది తీస్కో. కార్డు జర చిన్నదయినా ఫికర్ లేదు," అన్నారు.

ఏమే అని నన్ను పిలిచి ఎన్ని రోజులైంది! యజమాని మాత్రం ఆయన్నే చూస్తున్నాడు.

"అన్నా, కంప్యూటర్ల పని చేస్తవా నువ్వు?"

"లారీ నడిపిన," అన్నారు. నడిపిన అన్నప్పుడు గొంతు కొద్దిగా తగ్గింది.

"హౌదా! అయితె నీకు నేను చెప్పేదేం లేదు," అని యజమాని చాయ్ తెప్పించాడు. ఆ మనిషి మనస్ఫూర్తిగా అన్నాడో, ఊరికే అన్నాడో తెలియదు. నా ప్రార్థనలో ఆ దుకాణం ఇప్పటికీ ఉంటుంది.

బిగించి ఇస్తానన్నాడు గాని, ఆదివారం అమ్మాయి వస్తుంది, ఇంటి దగ్గరే బిగించుకుంటామని ఆయన అన్నారు. చేత్తో చేసే పని ఆయన అడిగి తీసుకోవడం చూసి నేను నోరెత్తలేదు. సామానంతా తెచ్చి దేవుడి గూటి కింద పీట మీద పెట్టాను.

ఆదివారం పొద్దున స్నానం చేసి దీపం పెట్టాను. మా ఇళ్లలో కొత్త బండి వస్తే పైపైన ఒక బొట్టు పెట్టి ఊరుకోరు. స్టీరింగుకు, నాలుగు చక్రాలకు, ఇంజను మూతకు, డీజిల్ ట్యాంకుకు, దేనికదే పెట్టాలి. ఒకటి మరిచిపోతే అది అలుగుతుందంటారు. కంప్యూటర్ బిగించేశాక లోపలివాటికి ఎవరు పెట్టగలరు? అందుకని అట్టపెట్టెలన్నీ విప్పి పసుపు తడిపి, ఒక్కొక్క దానికీ పెట్టాను. డబ్బాకు, పవర్ సప్లైకి, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను నడిమధ్యన పసుపు, దాని మీద కుంకుమ. ర్యామ్ చేతిలోకి తీసుకుంటే ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఒకవైపు అతికించిన కాగితం మీద ఇంగ్లీషులో రాత. రాత మీద తడి వెయ్యను కదా. రెండోవైపు చిన్న చిన్న నల్ల బిళ్లలు. అంచున మాత్రం బంగారు రంగులో వరసగా పళ్లు మెరుస్తున్నాయి. బంగారమే పసుపుకు తగిన చోటనిపించింది. రెండు ర్యాములకూ ఆ అంచున నిండుగా రాశాను. కుంకుమ నిలవలేదు, తుడిచేశాను. పసుపు బంగారంలో కలిసిపోయి కనపడనే లేదు. కళ్లు మూసుకుని, ఆయన చేతి పని గట్టెక్కించు స్వామీ అని మొక్కాను.

అమ్మాయి బండి దిగి వచ్చింది. ఫ్యాను మీద బొట్టు చూసి నవ్వింది.

"అమ్మా, ఇది తిరుగుతుంటె బొట్టు గూడ గిర్రున తిరుగుతది."

"తిరగనీ. తిరిగితె మంచిదే."

ఇద్దరూ చాప మీద కూర్చుని బిగించారు. అది ఫోనులో చూసి చెబుతుంటే ఆయన చేశారు. స్క్రూ తల మీద స్క్రూడ్రైవర్ రెండుసార్లు పక్కకు పోయింది. మూడోసారి ఎడమ చేతి వేలు స్క్రూ పక్కన ఆనించి, ఆ వేలినే గుర్తుగా పెట్టుకుని తిప్పారు. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. ర్యామ్‌లు కూడా ఆయనే పెట్టారు. రెండువైపులా టక్కుమని చప్పుడైంది.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, బొట్టూ తిరిగింది. తెర నల్లగానే ఉంది. లోపలినుంచి బీప్, బీప్ అని కూత. ఆపి మళ్లీ వేసినా అదే. అమ్మాయి ముఖం వాడిపోయింది. కార్డు తీసి పెట్టింది, వైర్లు పీకి పెట్టింది. ఆయన చూస్తూ చూస్తూ స్క్రూడ్రైవర్ కింద పెట్టారు.

"ఇడిసిపెట్టు బిడ్డా. నా చెయ్యి పడ్డది, సచ్చింది."

"నాయినా, గట్లనకు."

"అన్నా అనకున్నా గంతే." లోపలి గదిలోకి పోయారు. మంచం కిర్రుమనడం వినిపించింది.

అమ్మాయి తాండూరు దుకాణానికి ఫోను చేసింది. నయం, ఆదివారమైనా యజమాని ఎత్తాడు. ఆ కూత ఒకసారి వినిపించమన్నాడు. విని, "కార్డు మంచిగనే ఉన్నదమ్మా. అది ర్యామ్ కూత. ర్యామ్ తీసి పళ్లు చూడుర్రి. ఏమన్న అంటుకున్నదా? పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది పెట్టుర్రి," అన్నాడు.

ఏమన్న అంటుకున్నదా అన్న మాట వినగానే పొద్దున నేను రాసిన పసుపు గుర్తొచ్చింది. అమ్మాయి ర్యామ్ తీసి తన పాత కంపాస్ పెట్టెలోని రబ్బరుతో అంచు మీద ఒక్కసారి రుద్దింది. తెల్ల రబ్బరు పచ్చగా అయింది.

"ఇదేందమ్మా? తుప్పా?"

దేవుడి పేరున పెట్టిన పసుపుతో పని చెడిందని ఒప్పుకోవడానికి నా నోరు రాలేదు. ఊరుకుందామా అని కూడా ఒక్క నిమిషం అనుకున్నాను. అది రుద్దేస్తుంది, కంప్యూటర్ నడుస్తుంది, ఎవరికీ తెలియదు. కానీ లోపలి గదిలో ఒక మనిషి తన చెయ్యే చెడ్డదనుకుంటూ పడుకుని ఉన్నాడు. దేవుడు నా గౌరవం కంటే ఆ మనిషినే చూడమంటాడు. లేచి లోపలికి పోయాను.

"ఇగో, జర ఇను. నీ చెయ్యి గాదు, నా చెయ్యి. పొద్దుగాల్ల ర్యాముకు పసుపు పెట్టిన."

"పెడ్తె?" గోడవైపే ఉన్నారు.

"బంగారు పళ్లున్నయి చూడు, గాడ పెట్టిన. ఆ దుకాణపాయన చెప్పిండు, ఆడ ఏమన్న అంటుకుంటె నడువదంట."

ఆయన మెల్లగా ఇటు తిరిగారు.

"పళ్ల మీద పెట్టినవా?"

"రాత మీద పెట్టొద్దని..."

"ఓసి నీ! లారీకి బొట్టు పెడ్తరు గని, ఇంజన్ల డీజిల్ కొట్టే మూతిల పసుపు కూరుతరానే?"

నవ్వారు. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట కదిలేట్టు. నవ్వుతూ నవ్వుతూ మంచం మీద లేచి కూర్చున్నారు. బయటనుంచి అమ్మాయి, "నాయినా, అమ్మ కంప్యూటర్‌కు నలుగు పెట్టిందా?" అని అరిచింది. నాకూ నవ్వు ఆగలేదు. సిగ్గూ, నవ్వూ, కళ్లల్లో నీళ్లూ అన్నీ ఒకేసారి వచ్చాయి. రబ్బరు తీసుకుని రెండు ర్యాముల పళ్లూ నేనే రుద్దాను, చిన్నప్పుడు తప్పు రాసిన అక్షరాన్ని చెరిపినట్టు. పొడిబట్టతో తుడిచాను. ఆయన మళ్లీ బిగించారు. టక్, టక్. స్విచ్ వేయగానే తెర వెలిగింది.

అసలు పరీక్ష అప్పుడు మిగిలింది. ఆట ఎక్కించడానికి మధ్యాహ్నందాకా పట్టింది. ఆయన అన్నం తిన్నారుగాని ఏం తిన్నారో ఆయనకు తెలియదు. ఈసారి గుద్దితే తప్పు కన్నుదేనని తేలిపోతుంది. అది మా ముగ్గురికీ తెలుసు.

స్టీరింగు ముందు కూర్చున్నారు. రోడ్డు మీద లారీ నీళ్లు పారినట్టు పోయింది. చెట్లు, వంతెనలు, ఎదురొచ్చే బండ్లు, ఏదీ ఆగలేదు. లోడు దించాల్సిన చోటు వచ్చింది. రెండు గోడల మధ్య సందు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆయన లారీని ముందుకు లాగి, అద్దాల్లో చూసి, స్టీరింగు ఎదురు తిప్పి వెనక్కి తేవడం మొదలుపెట్టారు. ఒకసారి ఆపి, కొంచెం ముందుకు పోయి, మళ్లీ వెనక్కి. గోడ దగ్గరపడుతోంది. నేను చూడలేక దేవుడి గూటివైపు తిరిగాను.

"అమ్మా, చూడే!"

లారీ రెండు గోడల మధ్య గీత గీసినట్టు నిలబడి ఉంది.

ఆయన బ్రేకు మీద కాలు అలాగే పెట్టి ఉంచారు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "బిడ్డా, నీ ఒక కన్ను మూస్కో," అన్నారు. మూసుకుంది.

"ఇప్పుడు తెర మీద చూడు. గోడ ఎంత దూరమున్నది? తేడా వచ్చిందా?"

"లేదు నాయినా. రెండు కండ్లతోని ఎట్ల కనపడ్డదో గట్లనే ఉన్నది."

"ఊఁ." చాలాసేపు తెరనే చూశారు. "దీని మీద లోతు లేదు. అంతా బల్లపరుపే. అందరికి ఒక కన్నే."

నేనూ ఒక కన్ను మూసుకుని చూశాను. తెర మారలేదు. తల తిప్పి గదిలో చూస్తే మాత్రం తలుపు గడియ ఎక్కడుందో చెయ్యి చాచినా చప్పున అందలేదు. రోజూ ఆయన నడిచే ఇల్లు ఎలాంటిదో అప్పుడు నాకు మొదటిసారి అర్థమైంది. ఇన్ని నెలలు పక్కనే ఉండి ఒక్కసారైనా కన్ను మూసుకుని చూడాలని తోచలేదు. అది చూపించినందుకు కూడా దేవుడికే దండం. ఇప్పటికీ శుక్రవారం కంప్యూటర్‌కు బొట్టు పెడతాను, డబ్బా బయటివైపున, ఒక్కటే.

ఆ తర్వాత సామాను ఇంకా మారింది. తెర పెద్దది వచ్చింది, తాండూరు పోయి ఆయనే ఎంచి తెచ్చారు, ఒక్కరే. ఈమధ్య దుకాణం యజమాని వాడిన కార్డులు వస్తే, "అన్నా, జర వచ్చి వాసన చూడరాదూ," అని నవ్వుతూ ఫోను చేస్తాడు. పోయిన రోజు చీకటిపడేలోపు రైలుకు తిరిగొస్తారు.

సాయంత్రం నేను దీపం పెట్టే వేళకు ఆయన ఆట మీద ఉంటారు. ఏదో దేశం, ఏవో ఊళ్లు, అక్కడ బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. ఆయనకది నచ్చదు. నేను కళ్లు మూసుకుని కూర్చుంటే వెనకనుంచి కేకలు వినబడతాయి. మొదట్లో, సంజెవేళ ఇంట్లో తిట్లేమిటని అనబోయి ఆగాను. ఇప్పుడు ఆ కేకలు వినిపించని రోజున నాకు పూజ పూర్తయినట్టుండదు. నిన్న ఎవడో కారువాడు ఇండికేటర్ వేయకుండా ఆయన లారీకి అడ్డం వచ్చాడు. ఆయన హారన్ కొట్టి, కుర్చీలోంచి సగం లేచి అరిచారు:

"ఏయ్! రెండు కండ్లున్నయ్ గదరా నీకు! ఏడ పెట్టి నడుపుతున్నవ్?"